పెట్టె ఎన్నిసార్లు ఎత్తాలి?



సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు దిగి, అట్నుంచి అటే శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లాల్సిన వాళ్లు రోజూ ఎందరో ఉంటారు. కూతురికి పురుడు పోయడానికి అమెరికా బయల్దేరిన కాకినాడ తల్లి, సెలవు ముగించుకుని దుబాయ్ పనిలోకి పోతున్న నిజామాబాద్ మేస్త్రి, పై చదువుకు మొదటిసారి దేశం దాటుతున్న గుంటూరు కుర్రాడు, వాణ్ణి సాగనంపడానికి వచ్చిన అమ్మా నాన్నా మేనమామా. స్టేషన్ బయటికి రాగానే వీళ్లకు ఎదురయ్యేది ఆటో డ్రైవరు. "ఎయిర్‌పోర్టా అమ్మా? గిన్ని సామాన్లు పట్టుకొని బస్సుల ఎట్ల పోతరు?" అంటాడు. ఆ మాటలో సగం బేరం, సగం నిజం. బేరం సంగతి మీకు తెలిసిందే. మిగతా సగం గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

2008 మార్చికి ముందు ఈ గొడవే లేదు. బేగంపేట విమానాశ్రయం సికింద్రాబాద్ స్టేషన్‌కు ఐదారు కిలోమీటర్ల దూరం. సిటీ బస్సులో కూడా వెళ్లి దిగేవాళ్లు. ఆ ఏడాది మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. కొత్త విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల మరొకటి ఉండకూడదన్న షరతు ఒప్పందంలోనే ఉంది కాబట్టి బేగంపేటను తోడుగా ఉంచుకునే వీలు లేకపోయింది. రైలుకూ విమానానికీ మధ్య దూరం ఒక్క రాత్రిలో 30 కిలోమీటర్లు దాటింది. రన్‌వే పెద్దదైంది, టర్మినల్ పెద్దదైంది. వాటితోపాటు రావలసిన రైలు మాత్రం రాలేదు.

వచ్చింది వంతెన. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరిచారు.      కార్ల కోసం కట్టినట్టు కనిపించే ఆ వంతెన మీదుగానే విమానాశ్రయానికి పోయే ఆర్టీసీ పుష్పక్ బస్సులూ వెళ్తాయి. సామాన్యుడికి ఆ వంతెన వల్ల మేలు జరిగిందంటే ఆ బస్సుల పుణ్యమే.

ప్రణాళికలు వేసేవాళ్లు ఈ ప్రయాణాన్ని కిలోమీటర్లలోనో నిమిషాల్లోనో కొలుస్తారు. సామానుతో ఉన్న మనిషి లెక్క వేరు. పెట్టె ఎన్నిసార్లు ఎత్తి దించాలి అన్నదే ఆ మనిషికి కావాలి. అమెరికా వెళ్లే విమానాల్లో చాలావాటికి ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు తీసుకెళ్లనిస్తారు. రెండూ నిండకుండా తెలుగింటి నుంచి పెట్టె బయటికి రాదు. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, పుట్టబోయే మనవడికి మెత్తటి పాత చీరల బొంతలు. పైన చేతిసంచి. చక్రాలుంటాయి కదా అంటారు. చక్రాలు నున్నటి నేల మీద పనికొస్తాయి. రైలు తలుపు మెట్ల దగ్గర, ఫుట్‌పాత్ అంచు దగ్గర, బస్సు లోపలి అడుగు దగ్గర ఆ 23 కిలోలను ఎవరో ఒకరు రెండు చేతులా ఎత్తాల్సిందే. అరవై దాటిన మనిషికి కాలు నొప్పి, నడుము నొప్పి మొదలయ్యేది అక్కడే. ఆటో డ్రైవరు మాటలో ఉన్న నిజం ఇదే.

ఈ లెక్కతో ఒక్కో దారినీ చూద్దాం. ముందు పుష్పక్. ఇది తెలంగాణ ఆర్టీసీ విమానాశ్రయానికే ప్రత్యేకంగా నడిపే ఏసీ బస్సు. 2019 నుంచి వీటిలో కరెంటు బస్సులు కూడా తిరుగుతున్నాయి. సికింద్రాబాద్ నుంచి విమానాశ్రయం వైపు రెండు రకాల దారులున్నాయి. ఒకటి బేగంపేట, మెహదీపట్నం వైపు నుంచి వంతెన మీదుగా పోయేది, రెండోది తార్నాక, ఉప్పల్, ఎల్బీ నగర్ వైపు తిరిగి పోయేది. కరీంనగర్, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు బస్సుల్లో వచ్చి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగుతారు. వాళ్లకూ ఈ బస్సే ఆధారం. మియాపూర్, గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవి ఔటర్ రింగ్ రోడ్డెక్కి పోతాయి. పగలే కాదు, రాత్రిపూట కూడా నడుస్తాయి. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే గల్ఫ్ విమానాలు, పడమటి దేశాల విమానాలు చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యే లేస్తాయి.

పుష్పక్‌లో పెట్టె ఎక్కేటప్పుడు ఒకసారి ఎత్తాలి, టర్మినల్ దగ్గర ఒకసారి దించాలి. అంతే. సామాను పెట్టుకోవడానికి లోపల చోటుంది. ఇంతకంటే తక్కువ ఎత్తుడు ఇంటి ముందు ఎక్కి టర్మినల్ ముందు దిగే కారులోనే సాధ్యం. అందుకే నా మట్టుకు నేను, హైదరాబాద్‌లో స్టేషన్‌కూ విమానాశ్రయానికీ మధ్య ప్రజారవాణా ఉందా అని ఎవరైనా అడిగితే, ఉంది, దాని పేరు పుష్పక్ అనే చెబుతాను. మెట్రో వచ్చేదాకా ఏమీ లేదన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ బస్సును చూసి కూడా చూడనట్టే.

అయితే ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. అది పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే. పుష్పక్‌కు వర్తించదు. చేతిలో ఒక్క సంచితో వచ్చిన ఆవిడ మామూలు సిటీ బస్సులో శంషాబాద్ ఊరిదాకా పైసా లేకుండా వెళ్లవచ్చు. జాతీయ రహదారి మీద దిగాక టర్మినల్ దాకా ఇంకా కొన్ని కిలోమీటర్లు మిగులుతుంది. ఆ కొసకు మళ్లీ ఆటో వెతుక్కోవాలి. పెట్టెలు లేనివాళ్లకు, విమానాశ్రయంలో ఉద్యోగం చేసేవాళ్లకు ఈ దారి ఫరవాలేదు. రెండు పెట్టెలతో మాత్రం వద్దు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. మన దగ్గర విమానం ఎక్కేది ఒకరు, సాగనంపేది ఆరుగురు. ఊళ్లోనే ఇన్నోవా మాట్లాడుకుని, అందరూ ఎక్కి, దారిలో పులిహోర తిని, గేటు దగ్గర కళ్లు తుడుచుకుని తిరిగి వెళ్లిపోతారు. ఏడుగురూ ఊరి నుంచి రైలుకూ బస్సుకూ పెట్టే ఖర్చుతో పోలిస్తే కారు అద్దె మరీ బరువనిపించదు. లోపలికి ఎలాగూ టికెట్ ఉన్నవాళ్లను తప్ప రానివ్వరు. గేటు దగ్గర సాయుధ భద్రతా సిబ్బంది టికెట్టూ గుర్తింపు కార్డూ చూసే పంపుతారు. బస్సు అనేది ఒంటరిగానో జంటగానో బయల్దేరినవాళ్ల బండి. తిరుగు టికెట్లు కొనాల్సిన బంధువులు ఎక్కువైనకొద్దీ దాని చవక తగ్గిపోతుంది.

ఇప్పుడు మెట్రో. సికింద్రాబాద్ స్టేషన్‌కు రెండు పక్కలా మెట్రో స్టేషన్లున్నాయి. సికింద్రాబాద్ ఈస్ట్ నీలం రంగు లైను మీద, సికింద్రాబాద్ వెస్ట్ ఆకుపచ్చ లైను మీద. ఒకటి నాగోలు నుంచి రాయదుర్గం పోయేది, ఇంకొకటి జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ పోయేది. రెండూ విమానాశ్రయానికి పోవు. మెట్రో మిమ్మల్ని ఇంకో చోట బస్సు దగ్గరికి చేరుస్తుంది, అంతే. రాయదుర్గంలోనో ఉప్పల్‌లోనో దిగి పుష్పక్ అందుకోవచ్చు. దానికోసం పెట్టెను స్కానర్ మీదికి ఒకసారి ఎత్తాలి, రైల్లోకి ఒకసారి లాగాలి, దిగాక రోడ్డు దాటించాలి, మళ్లీ బస్సులోకి ఎత్తాలి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ మెట్రో బోగీలో నిలబడే చోటే ఉండదు, ఇక సూట్‌కేసుకు ఎక్కడ? పైగా మెట్రో రాత్రంతా నడవదు. వీపుసంచితో బయల్దేరిన కుర్రాళ్లకు, పగటి విమానాలకు మెట్రో మంచిదే. మన కాకినాడ తల్లికి కాదు.

విమానాశ్రయానికే మెట్రో వేస్తామన్న మాట పాతదే. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి శంషాబాద్ దాకా 31 కిలోమీటర్ల లైనుకు శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, దారీ మారింది. నాగోలు నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్లాలని కొత్త ప్రభుత్వం నిర్ణయించింది. నన్నడిగితే రెండో దారే న్యాయం. మొదటిది ఐటీ ఉద్యోగులు ఉండే వైపు నుంచి పోయేది. వాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు ఎలాగూ ఉంది. పాతబస్తీ అంచు తాకుతూ, ఎల్బీ నగర్‌లో విజయవాడ రోడ్డును కలుపుకుంటూ పోయే లైను ఎక్కువమందికి పనికొస్తుంది. ఏ దారైనా రైలు నడిచిన రోజునే దాని సంగతి మాట్లాడాలి. శిలాఫలకం ఎక్కి ఎవరూ విమానం అందుకోలేరు.

నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించేది మూడో దారి, ఎంఎంటీఎస్. 2003 ఆగస్టులో మొదలైన ఈ లోకల్ రైళ్లు ఎన్నో ఏళ్లు ఫలక్‌నుమాతో ఆగిపోయేవి. 2023 ఏప్రిల్‌లో వాటిని ఉందానగర్ దాకా పొడిగించారు. ఉందానగర్ అంటే ఎక్కడో కాదు, శంషాబాద్‌లోనే ఉన్న రైల్వే స్టేషన్. అక్కణ్ణుంచి విమానాశ్రయానికి సుమారు ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లూ పట్టాలు వేయాలన్న ఆలోచన మొదట్లో ఉండేది. అది కాగితం దాటలేదు. అంటే రైలు విమానాశ్రయం కనుచూపు మేరకు వచ్చి ఆగిపోయింది.

ఇక్కడే ఇంకో తమాషా ఉంది. ఆ స్టేషన్ ఉన్నది మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా బెంగళూరు వైపు పోయే లైను మీద. కర్నూలులో రైలెక్కి విమానం కోసం వచ్చే మనిషి కిటికీలోంచి ఉందానగర్ బోర్డు చూస్తూ వెళ్లి, కాచిగూడలో దిగి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. తెలిసినవాళ్లు ఆ తిప్పలు పడరు. వాళ్లు రైలు మానేసి కర్నూలు–హైదరాబాద్ బస్సెక్కి, జాతీయ రహదారి మీద శంషాబాద్‌లో దిగిపోతారు. రైల్వేలు తమ ప్రయాణికుణ్ణి తామే బస్సుకు అప్పగించినట్టయింది.

ఈ తిప్పలు తీరడానికి కోట్లు ఖర్చు కానక్కర్లేదు. ఉందానగర్‌కు రైలు వచ్చే వేళకు స్టేషన్ ముందు ఒక బస్సు నిలబడి, టర్మినల్ దాకా వెళ్తే చాలు. ఎంఎంటీఎస్ టికెట్ ధర ఎంత తక్కువో నగరంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కాని రైలు ఒకరిది, బస్సు ఇంకొకరిది, విమానాశ్రయం మరొకరిది. రైలు పది నిమిషాలు ఆలస్యమైతే బస్సు ఆగాలని చెప్పేవాళ్లు ఎవరు? దూరం ఆరు కిలోమీటర్లే. చిక్కంతా ఆ ముగ్గురి మధ్యనే ఉంది. పైగా ఉందానగర్ వెళ్లే లోకల్ రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ముందు అవి పెరగాలి.

రైళ్లు పెరగకుండా స్టేషన్ ఒక్కటే కడితే ఏమవుతుందో బెంగళూరు వాళ్లు చూశారు. 2021 జనవరిలో దేవనహళ్లి లైను మీద విమానాశ్రయం పేరుతోనే ఒక హాల్ట్ తెరిచారు. టికెట్ చవక, స్టేషన్ ముచ్చటగా ఉంది. కాని నడిచేవి కొద్ది రైళ్లు, విమానాల వేళలకూ వాటి వేళలకూ పొత్తు కుదరలేదు. జనం మెజెస్టిక్ నుంచి పోయే వాయువజ్ర బస్సులనే నమ్ముకున్నారు. అనంతపురం, హిందూపురం వాళ్లకు బెంగళూరు విమానాశ్రయం ఊరికి ఇవతలి వైపే, హైవే మీదే పడుతుంది కాబట్టి, వాళ్లు నగరంలోకి పోకుండా దేవనహళ్లి వైపే దిగి ఆటో చూసుకుంటారు.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వాళ్ల అదృష్టం వేరు. వాళ్లకు శంషాబాద్ కన్నా చెన్నై దగ్గర. సెంట్రల్ స్టేషన్‌లో రైలు దిగితే కిందే మెట్రో. లిఫ్టులో దిగి, నీలం లైను ఎక్కితే బండి మారకుండా నేరుగా విమానాశ్రయం. ఎత్తాల్సింది చాలా తక్కువ, ట్రాఫిక్ భయం లేదు. డబ్బు ఇంకా ఆదా చేయాలనుకుంటే సెంట్రల్ ఎదురుగా పార్క్ స్టేషన్‌లో తాంబరం లోకల్ ఎక్కి తిరుశూలంలో దిగవచ్చు. స్టేషన్‌కూ విమానాశ్రయానికీ మధ్య ఒక రోడ్డే అడ్డం. మెట్రో రాకముందు ఎన్నో ఏళ్లుగా చెన్నైవాసులకు తెలిసిన దారి అది. విమానాశ్రయం పుట్టిన చోటే పట్టాలు ఉండటం వల్ల దక్కిన సౌకర్యం.

ఢిల్లీ వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ పక్కనుంచి 2011లో మొదలైన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఇరవై నిమిషాల్లో మూడో టర్మినల్‌కు చేరుస్తుంది. అక్కడ కొన్ని విమానసంస్థల ప్రయాణికులు పెట్టెలను మెట్రో స్టేషన్‌లోనే అప్పగించేయవచ్చు. ఆ తర్వాత చేతులూపుకుంటూ రైలెక్కడమే. నేను చెబుతున్న ఎత్తుడు లెక్కను ఆ స్టేషన్ కట్టినవాళ్లెవరో ముందే వేశారన్నమాట. సికింద్రాబాద్ స్టేషన్‌ను ఇప్పుడు 700 కోట్లకు పైగా ఖర్చుతో తిరగ్గడుతున్నారు. అందులో పుష్పక్ ఎక్కే చోటు కప్పు కింద, ప్లాట్‌ఫారం నుంచి మెట్టు లేకుండా చేరేలా ఉంటుందా? నేను అడిగేది అదొక్కటే. అద్దాల గోడలు తర్వాత.

విశాఖవాసులు ఈ మాటలు కాస్త చెవిన వేసుకోవాలి. నగరంలోనే, నౌకాదళం ఆవరణ పక్కన ఉన్న విమానాశ్రయానికి స్టేషన్ నుంచి సిటీ బస్సులో పోయిన అలవాటు వాళ్లది. భోగాపురం కొత్త విమానాశ్రయం అలా కాదు. 40 కిలోమీటర్లకు మించిన దారి. బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు హైదరాబాద్ పడిన తిప్పలే అక్కడా ఎదురవుతాయి. ఒక తేడా ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లకు భోగాపురం విశాఖ కన్నా విజయనగరం స్టేషన్‌కే దగ్గర. విజయనగరం నుంచి బస్సు లేకపోతే, కర్నూలు మనిషి కాచిగూడ దాకా పోయి వెనక్కి వచ్చినట్టే, వాళ్లూ విశాఖ దాకా పోయి వెనక్కి రావాలి.

ఇక బయల్దేరేవాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు. ముందు మీ రైలు టికెట్ మీద దిగే స్టేషన్ పేరు మళ్లీ ఒకసారి చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. అది నగరానికి తూర్పు కొస. అక్కడ దిగితే ఉప్పల్, ఎల్బీ నగర్ దారి పట్టాలి. లింగంపల్లి దాకా పోయే రైలైతే సికింద్రాబాద్‌లో దిగకుండా చివరిదాకా కూర్చోవడమే మేలేమో ఆలోచించండి. మియాపూర్, గచ్చిబౌలి వైపు పుష్పక్‌కు ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, సిగ్నళ్లు తక్కువ.

సికింద్రాబాద్‌లో దిగితే ఏ వైపు బయటికి రావాలో ముందే కనుక్కోండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు రేతిఫైల్ బస్‌స్టేషన్, సిటీ బస్సుల రద్దీ. పదో నంబరు వైపు బోయిగూడ. తప్పు వైపు బయటికొస్తే పెట్టెలతో మళ్లీ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కాలి. నిర్మాణం జరుగుతున్నన్నాళ్లు బస్సు ఆగే చోటు మారుతుంటుంది కాబట్టి, నిరుటి జ్ఞాపకంతో పోకుండా రేతిఫైల్‌లో ఆర్టీసీ వాళ్లను అడగండి. ఫోను వాడేవాళ్లకు ఆర్టీసీ గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో తెలుస్తుంది.

టైము లెక్క ఇలా వేసుకోండి. బస్సుకు గంటన్నర, సాయంత్రమైతే రెండు గంటలు. విదేశీ విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. దీనిపైన రైలు ఆలస్యం. రైలు లేటైందని విమానం ఆగదు. అర్ధరాత్రి విమానానికి మధ్యాహ్నం రైల్లో రావడమే క్షేమం. ఆ మిగిలిన గంటలు స్టేషన్ వెయిటింగ్ హాల్లో గడిచిపోతాయి.

తిరుగు ప్రయాణంలో వరస తారుమారవుతుంది. దిగిన దగ్గర్నుంచి ట్రాలీ చేతిలోనే ఉంటుంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు, బయట టాక్సీలను దాటి బస్సు దాకా తోసుకుపోవచ్చు. సికింద్రాబాద్‌లో ఆ ట్రాలీ ఉండదు. అక్కడ ఎర్రచొక్కా కూలీయే దిక్కు. ఆయనతో బేరం బస్సు దిగినచోటే, పెట్టె ఆయన తలకెక్కకముందే తేల్చుకోండి. ప్లాట్‌ఫారం నంబరు కూడా అప్పుడే చెప్పేయండి.